నా తల కొలత

మా మెట్ల కింద ఒక సైకిల్ చాలాకాలం నిద్రపోయింది. పై పోర్షన్‌లో అద్దెకున్న సాఫ్ట్‌వేర్ అబ్బాయిది అది. లావాటి టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, బారెడు హ్యాండిల్. మౌంటెన్ బైక్ అంటారట. నాచారంలో కొండ ఎక్కడుంది బాబూ అని అడిగితే నవ్వేవాడు. కొన్ని ఆదివారాలు చెంగిచెర్ల అవతలి మట్టిదారుల్లో తిరిగి, ఒంటినిండా దుమ్ముతో, గీరుకుపోయిన మోచేతులతో మహా సంతోషంగా ఇంటికొచ్చేవాడు. తర్వాత పెళ్ళయింది, ఉద్యోగం పుణెకు మారింది. సామాను లారీకెక్కిస్తూ, "ఆంటీ, దీన్ని మీరే ఉంచుకోండి. ఎవరికైనా పనికొస్తే ఇచ్చేయండి" అన్నాడు. ఇద్దాం ఇద్దాం అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా దాని హ్యాండిల్‌కు ఉల్లిపాయల సంచీ వేలాడింది, సీటు మీద పాత దుప్పటి చేరింది, గేర్ల సందుల్లో సాలీళ్ళు కాపురం పెట్టాయి.

ఆ మధ్య ఒక మధ్యాహ్నం వడియాలు ఎండబెట్టే చాప కోసం మెట్ల కింద దూరాను. చాప లాగితే దుప్పటి ఊడి వచ్చింది, సైకిల్ కదిలింది. రబ్బరూ, తుప్పూ, ఎండిపోయిన చైను నూనే కలిసిన వాసన గుప్పుమంది. బయట సంక్రాంతి వెళ్ళాక చురుక్కుమనే ఎండ, లోపల చల్లటి చీకటి. ఒక చేత్తో చాప పట్టుకొని అలా వంగి ఎంతసేపు ఉండిపోయానో తెలియదు. "ఏమైందే సుగుణా, పాము గిట్ల ఉన్నదా?" అని లోపలినుంచి మా అమ్మ కేకేసేదాకా నేను నాచారంలో లేను. పాత ఉప్పల్‌లో, మా ఇంటి ముందు, మా నాయిన సైకిల్ పక్కన లంగా దోపుకొని నిలబడి ఉన్నాను.

ఇప్పుడు మెట్రో స్తంభాల మధ్య ఎటు చూసినా ఒకేలా కనిపించే ఆ కూడలి అప్పట్లో నాలుగు బస్సులు ఆగే చోటు మాత్రమే. అక్కడినుంచి లోపలికి నడిస్తే ఊరు. ఊరు దాటి మూసీ వైపు దిగితే మా పొలం. ఆ భూములను భగాయత్ అనేవాళ్ళు, అంటే తోట భూములు. నాయిన అందులో ఆకుకూరలు వేసేవాడు. పాలకూర, తోటకూర, కొత్తిమీర, చుక్కకూర. తెల్లవారక ముందే కోసి, కట్టలు కట్టి, నీళ్ళలో ముంచి, తడిపిన గోనెలో చుట్టి, సైకిల్ క్యారియర్ మీద పాత ట్యూబు రబ్బరుతో బిగించి లాలాపేట్ మార్కెట్‌కు తీసుకుపోయేవాడు. ఆ బరువుకు ముందు చక్రం పైకి లేవబోయేది. అమ్మ వెనకనుంచి మూట పట్టుకొని నాలుగడుగులు పరుగెత్తి, బండి నిలదొక్కుకున్నాక వదిలేది. వదిలాక కూడా ఆమె చేతులు కాసేపు గాలిలో అలాగే ఉండేవి. సైకిల్ పోయిన దారిలో గోనెలోంచి కారిన నీళ్ళు సన్నటి గీతలా పడేవి. నేను నిద్రకళ్ళతో ఆ గీత వెంబడి నడిచి, కొత్తిమీర వాసన అయిపోయిన చోట ఆగి వెనక్కి వచ్చేదాన్ని.

నాయిన పొద్దెక్కాక తిరిగి వచ్చేవాడు. ముందు సైకిల్ స్నానం, తర్వాతే ఆయన స్నానం. పాత ధోతి ముక్కతో చక్రాల ఒక్కొక్క పుల్లా తుడుస్తుంటే, అరుగు మీద కూర్చొని తమాకు నములుతున్న మా నాయినమ్మ, "కన్నపిల్లలను ఎన్నడన్న గిట్ల తుడిసినవారా నువ్వు?" అని ఎత్తిపొడిచేది. ఆయన ధోతి ముక్క భుజాన వేసుకునేవాడు. బండిని స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రాన్ని చేత్తో గిరగిరా తిప్పి, కళ్ళు మూసుకొని వినేవాడు. చక్రం పాడే పాటలో తనకు నచ్చనిదేదైనా వినిపిస్తే ఒక చుక్క నూనె వేసి మళ్ళీ వినేవాడు. ఆ తర్వాత జొన్నరొట్టె, తొక్కు, చల్ల. ఆ తర్వాత చూరు నీడలో చాప పరుచుకొని నిద్ర. ఆయన గురక మొదలైతే ఇల్లంతా గొంతు తగ్గించేది. కోడి కూడా గట్టిగా అరిచేది కాదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

అదే నా సమయం. సైకిల్‌ను చప్పుడు కాకుండా స్టాండు దించి వీధిలోకి నడిపించేదాన్ని. సీటు నా భుజం ఎత్తున ఉండేది. ఎక్కే మాటే లేదు. ఎడమ చేత్తో హ్యాండిల్, కుడి చంకలో సీటు, అడ్డకమ్మీ కింద ఉన్న సందులోంచి కుడి కాలు అవతలి పెడల్ మీదికి పోనిచ్చి, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి తొక్కేదాన్ని. దాన్ని మా వైపు కైంచీ తొక్కుడు అంటారు. కత్తెర ఆడించినట్టు కాళ్ళాడేవి. సగం సగమే తిరిగే పెడళ్ళు, కిర్రు కిర్రుమనే చైను, ఎండకు ఖాళీగా పడుకున్న వీధి, నా రెండు జడలు. పడ్డాను, లేచాను, మోకాళ్ళకు పసుపు పెట్టుకున్నాను. కొన్నాళ్ళకు ఊరి చివరి బావి దాకా, మరికొన్నాళ్ళకు పొలం గట్టు దాకా పోయి వచ్చేదాన్ని. గాలి చెవుల్లో ఏదో చెబుతుండేది. ఒక్కటే కోరిక ఉండేది నాకు, కాళ్ళు పొడుగైనాక ఆ సీటు మీద కూర్చోవాలి. నాయిన కూర్చున్నట్టు నిటారుగా, రెండు చేతులూ చాపి, ఊరంతా కనిపించేలా.

కాళ్ళు పొడుగయ్యాయి. సరిగ్గా అదే ఏడు పెద్దమనిషినయ్యాను. ఆ తంతు అంతా ముగిసి, మళ్ళీ బయటికి రావడం మొదలైన ఒక మధ్యాహ్నం నేను మామూలుగానే సైకిల్ దించాను. అమ్మ చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా చేతుల్లోంచి హ్యాండిల్ తీసుకొని, సైకిల్‌ను గడప దాటించి ఇంటి లోపలికి, బియ్యం గుమ్ముల పక్కకు తీసుకుపోయి పెట్టింది. "ఇగ సాలు బిడ్డా" అంది, అంతే. నాయిన నిద్రలేచి చూశాడు, నోరెత్తలేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరిమీద చూపాలో తెలియక ఆ రాత్రి అన్నం మీద చూపించాను. తర్వాత చదువు, టీచరు ఉద్యోగం, పెళ్ళి, నాచారంలో ఈ ఇల్లు. సీటు మీద కూర్చోనే లేదు. బస్సుల్లో, ఆటోల్లో, మా ఆయన స్కూటర్ వెనక, ఆయన పోయాక మెట్రోలో, అన్నిచోట్లా కూర్చున్నాను. ఆ ఒక్క సీటు మిగిలిపోయింది.

అందుకని ఆ రోజు మెట్ల కింద నుంచి చాపతో పాటు సైకిల్‌ను కూడా బయటికి లాగాను. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. చూపు సరిగ్గా ఆనకపోయినా చెవులు మాత్రం చురుకు. గేటు పక్కన కుర్చీలో కూర్చొని టైర్ల చప్పుడు విని, "అది ఎవ్వలకిస్తున్నవే?" అని అడిగింది.

"ఎవ్వలకు ఇయ్య. నేనే తొక్కుత" అన్నాను.

అమ్మ కర్రను నేలకు తాటించింది. తర్వాత, "నీకు అరవై దగ్గర పడ్డది. పడితె బొక్కలిరుగుతయి. దవాఖానల నీ పక్కన ఎవ్వలు కూసుంటరు? నాకైతె శాత గాదు" అంది. మోకాళ్ళ నొప్పులకు సైకిల్ మంచిదని డాక్టరమ్మ చెప్పిందని ఒక అబద్ధం ఆడాను. అమ్మ ఆ అబద్ధాన్ని ఈగను తోలినట్టు చేత్తో తోలేసింది. ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. అరవయ్యేళ్ళ మనిషినై ఉండి కూడా, అమ్మ అలిగితే పన్నెండేళ్ళ పిల్లలా భయపడతానని నాకప్పుడే తెలిసింది. అయినా ఈసారి సైకిల్‌ను బియ్యం గుమ్ముల పక్కన పెట్టనివ్వదలచుకోలేదు.

బాగుచేసే పని మా యాదగిరి బావ మీదేసుకున్నాడు. మా అక్క భర్త. నాచారం ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాడు, చేతిలో పానా లేకపోతే నిద్రపట్టని మనిషి. వచ్చి సైకిల్ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పెదవి విరిచాడు.

"ఏంది పిల్లా గిది? స్టాండు లేదు, క్యారియర్ లేదు, గంట లేదు, మడ్‌గార్డు లేదు. గీన్ని సైకిలంటరా? అంగీ లాగు ఇడిసి ఉరికొచ్చినట్టున్నది."

"గవన్నీ అవసరం లేదట బావా, గిది తేలిగ్గ ఉండాలంట."

"ఎవ్వడన్నడు? నువ్వు ఫికర్ జెయ్యకు. నేను మంచిగ జేస్త."

మంచిగానే మొదలుపెట్టాడు. చైను ఊడదీసి కిరోసిన్‌లో నానబెట్టాడు. చెక్కలా గట్టిపడిపోయిన బ్రేకు రబ్బర్లు మార్చాడు. తుప్పుపట్టిన కేబుళ్ళు లాగేసి కొత్తవి వేశాడు. చేతికి జిగురులా అంటుకుంటున్న హ్యాండిల్ గ్రిప్పులను బ్లేడుతో చీరి తీసేశాడు. పగుళ్ళిచ్చిన ఆ మొటిమల టైర్ల బదులు రోడ్డుకు పనికొచ్చే నున్నటి టైర్లు వేయించుకుందామని నేనే పట్టుబట్టాను. కొండలెక్కే ఉద్దేశం నాకు లేదు కదా. సన్నగా, రాయిలా ఉన్న పాత సీటు స్థానంలో కాస్త వెడల్పాటిది వచ్చింది. ఆ సీటు డబ్బాలోంచి తీసి ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. బావ చూసి, "గది బండికి పెట్టాలె, ఒళ్ళె గాదు" అన్నాడు.

ఆ తర్వాత రెండు రోజులు కనిపించలేదు. మూడో రోజు పొద్దున్నే ఒక గోనెసంచీతో దిగాడు. అందులోంచి పాలవాళ్ళ సైకిళ్ళకుండే బండ స్టాండు, ఇనుప క్యారియర్, రేకు మడ్‌గార్డులు, ఇత్తడి గంట బయటపడ్డాయి. ఆ బండికి అవి బిగించే బెజ్జాలే లేవు. ఫిట్టర్‌కు బెజ్జం లేకపోవడం ఒక అడ్డంకా? పట్టీలు వంచాడు, తీగలు చుట్టాడు, మధ్యాహ్నానికి దాన్ని అచ్చం మా నాయిన సైకిల్‌లా తయారుచేసి నిలబెట్టాడు. ఆ నిలబడ్డ తీరు చూసి గబుక్కున వెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాను. తర్వాత నడిపించబోతే కదలదు. వెనక చక్రం మడ్‌గార్డును రాసుకుంటూ మొరాయించింది. గేటు దగ్గరి చిన్న మెట్టు దాటించడానికి ఇద్దరం కలిసి ఎత్తాల్సి వచ్చింది. ముచ్చట పడ్డ ఇనుమంతా మళ్ళీ విప్పించాను. బావ మొహం మాడ్చుకున్నాడు. మడ్‌గార్డులు విప్పుతూ, "మీ నాయిన గిదే బరువు మీద మార్కెట్ అంత మోసిండు" అన్నాడు. నిజమే. కానీ మోయడానికి నా దగ్గర కూరగాయలు లేవు. గంట మాత్రం ఉంచుకున్నాను. దాని మోత మూడు ఇళ్ళ దాకా వినిపిస్తుంది.

ఈ సంగతి నా కూతురు మౌనికకు బావే ఫోన్ చేసి చెప్పాడు. తను చెంగిచెర్లలో ఉంటుంది, ఆస్పత్రిలో నర్సు. వద్దంటుందేమో అని నేను గొంతు సవరించుకొని సిద్ధంగా ఉన్నాను. వద్దనలేదు.

"తొక్కు అమ్మా. గని హెల్మెట్ లేకుండ గేటు దాటినవంటె నేనొచ్చి రెండు టైర్ల గాలి తీసేస్త. రోడ్డు మీద పడ్డ తలలు ఎట్లుంటయో నేను రోజు చూస్తున్న."

మా నాయిన తలకు ఎప్పుడూ తువ్వాలే. ఎండకూ అదే, వానకూ అదే, మూట కింద మెత్తకూ అదే. సైకిల్ తొక్కడానికి తలకు పెట్టె కావాలని అప్పట్లో ఎవరైనా అంటే ఊరు ఊరంతా నవ్వేది. మరి ఆ రోడ్డు మీద అప్పుడు ఏం తిరిగేవి? ఎడ్లబండ్లు, తోటి సైకిళ్ళు, ఎప్పుడో ఒక బస్సు. ఇప్పుడు ఉప్పల్ రోడ్డు మీద నిలబడితే ఒక చెవి నుంచి ఇంకో చెవికి లారీలు పోతున్నట్టు ఉంటుంది. ఏఎస్ రావు నగర్‌లో సైకిళ్ళ షాపు ఉందని తెలిసి నేనొక్కదాన్నే వెళ్ళాను. గోడ నిండా హెల్మెట్లు. ఒకటి చేప ఆకారం, ఒకటి పుచ్చకాయ చెక్క, ఒకదానికి ముందు టోపీ అంచు. షాపులో అమ్మాయి నా తల చూసి, "మీడియం సరిపోతది మేడమ్" అని ఒకటి పెట్టింది. బిగుతుగా కాదు, సరిగ్గా పట్టుకుంది. అదే నాకు నచ్చలేదు.

"ఇంకో సైజు పెద్దది ఇవ్వమ్మా" అన్నాను.

ఎందుకన్నానో ఇంటికొచ్చేదాకా ఆలోచించలేదు. మా ఇంట్లో ఏదీ ఒంటికి సరిపోయేది కొనేవాళ్ళు కాదు. పెరిగే పిల్ల అనేవాళ్ళు. లంగా కుట్టిస్తే లోపల జానెడు మడత. ప్రతి ఏడూ ఒక మడత విప్పితే, పాత రంగు కింద కొత్త రంగు పట్టీ ఒకటి బయటపడేది. చెప్పులు కొంటే వెనక రెండు వేళ్ళ ఖాళీ. స్వెట్టర్ చేతులు గోళ్ళ దాకా. బట్ట సరిగ్గా సరిపోయే రోజు వచ్చేసరికి అది చిరిగిపోయేది, లేదా చెల్లెలికి పోయేది. సరిపోవడం అంటే అయిపోవడం అని మా లెక్క. అందుకే మెత్తగా, ఖచ్చితంగా తలను పట్టుకున్న హెల్మెట్ నాకు నష్టపు బేరంలా తోచింది. పెద్దది కొన్నాను. ఇంటికొచ్చి పెట్టుకుంటే కనుబొమ్మల మీదికి జారింది. తల అటు తిప్పితే అది ఇటే ఉండిపోయింది. లోపల చేతిరుమాలు మడిచి కుక్కాను. బావ చూసి, "ఇప్పుడు కుదిరింది" అన్నాడు. అంతవరకూ మా ఇద్దరి మధ్యా ఏకాభిప్రాయం కుదిరింది అదొక్క విషయంలోనే.

ఆదివారం మౌనిక వచ్చింది. హెల్మెట్ పెట్టుకొని హాల్లో నిలబడిన నన్ను చూసి, దగ్గరికి వచ్చి, దాన్ని ఒక్క వేలితో వెనక్కి తోసింది. అది మెడ మీదికి పోయింది. లోపలినుంచి రుమాలు కింద పడింది. మౌనిక దాన్ని తీసి చూసి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు ఇంక పెరుగుతవా అమ్మా?"

నాకూ నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఎక్కడో చివుక్కుమంది కూడా. ఇద్దరం కలిసి మళ్ళీ షాపుకు పోయాం. ఆ అమ్మాయి ఈసారి దర్జీ టేపు తెచ్చి, కనుబొమ్మలకు కాస్త పైన, తల చుట్టూ తిప్పి కొలిచింది. జాకెట్టుకు భుజాలు కొలిచారు, గాజులకు చేయి కొలిచారు, పెళ్ళిలో ఉంగరానికి వేలు కొలిచారు. నా తలను కొలిచింది మాత్రం అదే మొదటిసారి. కనుబొమ్మల పైన రెండు వేళ్ళ సందే ఉండాలి, పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒక వేలు మాత్రమే దూరాలి అని ఆ అమ్మాయి చెబుతూ వెనకున్న చిన్న చక్రం తిప్పి బిగించింది. "తల ఊపండి మేడమ్" అంది. ఊపాను. కదల్లేదు. అయితే ఒక చిక్కు. నా ముడి. టీచరునైనప్పటి నుంచి వేసుకున్న కొప్పు సరిగ్గా ఆ చక్రం దగ్గర అడ్డు తగులుతోంది. ముడి విప్పి జడ వేసుకోవాలి, అదీ కింద, మెడ దగ్గర నుంచి. జడ అనే మాట నాకు రిటైర్మెంట్ తర్వాత వినిపిస్తుందని అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అద్దం ముందు కూర్చొని జడ అల్లుకోబోయాను. కొప్పుకు అలవాటైన చేతులకు జడ రాలేదు. వెనక కర్ర చప్పుడైంది. అమ్మ. సైకిల్ వచ్చినప్పటి నుంచి అవసరానికి తప్ప మాట్లాడని అమ్మ మంచం మీద కూర్చొని, "ఇటు దా" అంది. కింద, ఆమె మోకాళ్ళ మధ్య కూర్చున్నాను. కొబ్బరినూనె అరచేతిలో వేసుకొని తలకు రుద్దింది. వేళ్ళు వణుకుతున్నాయి గానీ దారి మరిచిపోలేదు. మూడు పాయలూ విడదీసి, చూపు అవసరం లేకుండా అల్లుకుంటూ పోయింది. ఉప్పల్‌లో పొద్దున్నే బడికి పంపేముందు ఇదే నూనె, ఇదే లాగుడు. జుట్టే తెల్లగా మారింది, సగమై మిగిలింది.

"అప్పుడు ఎందుకు ఆపినవే అమ్మా?" అని అడిగాను. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగలేదు. తల అటువైపు ఉంది కాబట్టి అడగగలిగాను.

వేళ్ళు ఆగలేదు. "నీ మీద ఎవ్వలన్న మాటంటరని నాకు భయముండె. మీ నాయినమ్మ అప్పటికే గొణుగుతుండె. మీ నాయిననేమొ నీ దిక్కు సూస్తె మెత్తవడుతడు. ఇగ ఎవ్వలో ఒక్కలం జెయ్యాలె గద. నేను జేసిన."

"నీకు బాధ గాలేదా?"

"ఎందుకు గాలేదు? నువ్వు తొక్కుతుంటె నేను దర్వాజ ఎనక నిలవడి సూస్తుంటి. మంచిగ తొక్కుతుంటివి." పాయను మరికాస్త లాగి, "నేనెప్పుడు మూటల ఎనక ఉరుకుడే గాని, ఎక్కింది లేదు. ఎక్కితె ఎట్లుంటదో నాకేమెరుక" అంది. జడ చివర రబ్బరు బ్యాండు చుట్టి, వీపు మీద చిన్నగా తట్టింది. నా కళ్ళు నిండాయి. నలభై ఏడేళ్ళో, అంతకు మించో, ఆ కోపాన్ని ఒక చోట దాచుకొని బతికాను. దర్వాజ వెనక ఒక మనిషి నిలబడి ఉందని నాకు తెలియదు. తెలిస్తే వాకిట్లోనే గుండ్రంగా తిరిగి ఉండేదాన్ని.

తొక్కడానికి భగాయత్ మంచిదని మౌనిక ముందురోజే చెప్పింది. మా పొలాలున్న చోట ఇప్పుడు ప్లాట్లు చేసి వెడల్పాటి రోడ్లు వేశారు. ఇళ్ళు ఇంకా పల్చగా ఉండడంతో పొద్దున పూట అక్కడ నడిచేవాళ్ళు, కారు నేర్చుకునేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు తిరుగుతుంటారు. బావ తనకు తెలిసినాయన ట్రాలీ ఆటోను మాట్లాడుకొచ్చాడు. బయల్దేరబోతుంటే అమ్మ కర్ర పట్టుకొని గేటు దగ్గరికి వచ్చి, "నేనొస్త" అంది. ఎందుకని ఎవరం అడగలేదు. ఆమెను డ్రైవర్ పక్కన కూర్చోబెట్టి, నేనూ బావా వెనక సైకిల్ పట్టుకొని నిలబడ్డాం. అమ్మ అల్లిన జడతో, మౌనిక ఇచ్చిన పంజాబీ డ్రెస్సుతో, తలకు సరిగ్గా పట్టిన హెల్మెట్‌తో హబ్సిగూడ మీదుగా పోతుంటే పక్కన ఆగిన బస్సులోని జనమంతా నన్నే చూశారు. చూడనీ అనుకున్నాను.

భగాయత్ మీద మంచు ఇంకా వదల్లేదు. మూసీ వైపు నుంచి గాలి వచ్చింది. ఆ గాలిలో ఇప్పుడు చెప్పుకోదగ్గ వాసనేమీ లేదు, చెప్పుకోకూడనిది తప్ప. కానీ నేల వాలు మాత్రం అదే. రోడ్లు వేసినవాళ్ళు వాలును మార్చలేకపోయారు. కాలిబాట అంచు మీద బావ తువ్వాల పరిచి అమ్మను కూర్చోబెట్టాడు. అమ్మ చూపు ఆనని కళ్ళతో అటూ ఇటూ చూసి, "గీడ్నేనా మన పాలకూర మడి?" అని అడిగింది. బహుశా ఇక్కడే, బహుశా ఆ కరెంటు స్తంభం దగ్గర. నాకూ తెలియదు. ఇక్కడే అన్నాను.

బావ సీటు కిందికి దించి పెట్టాడు, రెండు కాళ్ళూ నేలకు ఆనేలా. "ముందుగాల గిట్లనే తొక్కు, తర్వాత పైకి జరుపుకుందాం" అన్నాడు. నేను సైకిల్‌కు ఎడమ పక్కన నిలబడ్డాను. హ్యాండిల్ పట్టుకున్నాను. నాకు తెలియకుండానే సీటును కుడి చంకలోకి తీసుకొని, కుడి కాలు ఎత్తి, కమ్మీ కింద సందులోకి పోనిచ్చాను. ఆ సందులో ఇప్పుడు నీళ్ళ సీసా స్టాండు ఉంది. కాలు ఇరుక్కుంది. బావ గట్టిగా నవ్వాడు. నా ఒంటికి తెలిసింది ఆ ఒక్క విద్యే. సీటు ఎక్కడం దానికి ఎవరూ నేర్పలేదు. కాలు బయటికి తీసుకొని, కాసేపు అలాగే నిలబడ్డాను. భయం వేసింది, పడతానని కాదు. ఇంతకాలం అనుకున్నది అక్కడ లేకపోతే ఎలా అని.

కాలు కమ్మీ పైనుంచి వేశాను. కూర్చున్నాను.

ఎంత సులువుగా ఉందో చెబితే నమ్మరు. కాళ్ళతో నేలను తోసుకుంటూ కొంత దూరం పోయాను, బాతు నడకలా. తర్వాత ఒక కాలు పెడల్ మీద పెట్టాను. రెండోది దానంతట అదే పైకి వచ్చింది. హ్యాండిల్ రెండుసార్లు వణికి కుదురుకుంది. పెడళ్ళు సగంలో ఆగలేదు, పూర్తిగా తిరిగాయి. మంచులోంచి రోడ్డు నా ముందు కొంచెం కొంచెంగా తయారవుతూ వచ్చింది. బెత్తెడు ఎత్తు పెరిగితే లోకం ఇంత దూరం కనిపిస్తుందా? మెట్రో రైలు ఒకటి దూరంగా, చప్పుడు లేకుండా ఆకాశంలో పాక్కుంటూ పోయింది. నడిచేవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. గంట కొట్టాల్సిన అవసరం లేకపోయినా కొట్టాను. గాలి హెల్మెట్ సందుల్లోంచి తలలోకి దూరి, నూనె రాసిన పాపిట మీదుగా పోయింది. నేను ఏడుస్తున్నానని చాలాసేపటికి గాని తెలియలేదు. నాయినా, చూడు అనుకున్నాను. మా ఊరు ఎక్కడికీ పోలేదనీ, నా కింది నుంచి మెల్లగా జరుగుతోందనీ అనిపించింది. అప్పటి వీధిలో ఎండ ఉండేది, ఖాళీ ఉండేది, నాకు సీటు లేదు. ఇప్పుడు సీటు ఉంది, ఆ వీధి లేదు. ఏది మేలో తేల్చడం నా వల్ల కాదు. ఆ క్షణంలో మాత్రం నాకు ఏమీ తక్కువ కాలేదు.

రోడ్డు చివర మలుపు తీసుకొని తిరిగి వచ్చాను. అమ్మ కూర్చున్న చోట బ్రేకు వేసి కాళ్ళు ఆనించాను. రొప్పుతున్నాను. ఎనభై దాటిన మనిషిని మంచులో అంతసేపు కూర్చోబెట్టినందుకు తప్పు చేసినట్టనిపించింది. ఇక చాలు, ఇంటికి పోదాం అనుకొని గడ్డం కింద పట్టీ విప్పబోయాను. ఆ టిక్కుమన్న చప్పుడు అమ్మ విన్నది.

"అప్పుడే ఇప్పుతున్నవేందే?" అంది. "పో. ఎండెక్కెదాంక తొక్కు. నేను గీడ్నే కూసుంట."

బావ వైపు తిరిగి, చేయి చాపి, "నువ్వు జర పక్కకు జరుగు యాదగిరి, నాకు అడ్డమొస్తున్నవ్" అంది.

నేను పట్టీ మళ్ళీ బిగించుకున్నాను.